ఆడ పాత్రలను యానిమేట్ చేయడం కష్టమన్న మాటలో నిజమెంత?

మీ ప్రశ్న సారాంశం ఇది. యానిమేషన్ సినిమాల్లో ఆడ పాత్రలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయని మీరన్నారు. అందులో వివక్షేమీ లేదని, ఆడ ముఖాలను యానిమేట్ చేయడం సహజంగానే కష్టమని మీ సహవిద్యార్థి వాదించారు. పైగా మగ పాత్రలను కూడా అతిశయోక్తిగానే గీస్తారు కదా అని అడిగారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో చెప్పమన్నారు.

పాత్రల రూపకల్పన, రిగ్గింగు (బొమ్మ కదలడానికి దాని లోపల అమర్చే ఏర్పాటు) కలిపి 20 ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. మీ మిత్రుడి మాటలో సగం నిజముంది. కష్టం ఉన్న మాట వాస్తవమే. అయితే ఆ కష్టం ఆడ ముఖంలోని ఎముకల్లోనో కండరాల్లోనో ఉందనుకుంటే పొరపాటు. ముఖం గీయకముందే దాని నెత్తిన పెట్టిన షరతులో ఉంది. ఏడ్చినా, అరిచినా, బరువెత్తినా, అప్పుడే నిద్రలేచినా అందం చెడకూడదన్న షరతు అది.

ఆ షరతును ఒకాయన నోరుజారి బయటపెట్టారు కూడా. 2013లో ‘ఫ్రోజెన్’ విడుదలకు ముందు, ఆ సినిమా యానిమేషన్ విభాగానికి నాయకత్వం వహించిన లీనో డిసాల్వో ఒక ఇంటర్వ్యూలో ఆడ పాత్రలు చాలా కష్టమని అన్నారు. రకరకాల భావోద్వేగాలు పలికించాలి, అయినా అందంగానే ఉంచాలి అన్నది ఆయన చెప్పిన కారణం. అక్కచెల్లెళ్లైన ఇద్దరు కథానాయికలు ఒకే దృశ్యంలో ఒకే భావం చూపాల్సి వస్తే ఒకరి కోపం మరొకరి కోపంలా కనబడకుండా చూడటం మరీ కష్టమని కూడా అన్నారు. పెద్ద దుమారమే లేచింది. సందర్భం నుంచి విడదీసి ప్రచారం చేశారని స్టూడియో వివరణ ఇచ్చుకుంది. నా మటుకు నాకు ఆయన మీద కోపం రాలేదు. మా బల్లల దగ్గర రోజూ వినబడే మాటనే ఆయన మైకు ముందు అన్నారు, అంతే.

కోపం ముఖం మీద ఎలా పుడుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. కనుబొమ్మలు కిందికి దిగి ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. వాటి మధ్య నిలువు ముడతలు పడతాయి. కింది రెప్ప బిగుస్తుంది. ముక్కుపుటాలు అదురుతాయి. పైపెదవి లేచి పళ్లు కనబడతాయి. ముక్కు పక్కనుంచి నోటి కొస దాకా దిగే గీత లోతవుతుంది. గడ్డం మీద చర్మం గుంటలు పడుతుంది. మెడ నరాలు తేలతాయి. రిగ్గులో వీటిలో ప్రతిదానికీ ఒక బ్లెండ్ షేప్ (ముందే మలచి ఉంచిన ముఖరూపం), దాన్ని నడిపే ఒక కంట్రోల్ ఉంటాయి. వాటిని హార్మోనియం మెట్లలా కలిపి నొక్కితేనే భావం పలుకుతుంది.

ఇప్పుడు కథానాయిక రిగ్గు సమీక్షకు వెళ్లిందనుకోండి. నుదుటి ముడతలు వద్దు, వయసు మీరినట్టు ఉంది. ముక్కుపుటాలు కదలనివ్వకండి. నోటి పక్క గీత తీసేయండి. కింది పళ్లు కనబడకూడదు. మెడ నున్నగా ఉంచండి. ఏ సూచనకు ఆ సూచన చిన్నదే. అన్నీ అమలయ్యాక ఆమెకు మిగిలేవి కాస్త వంగే కనుబొమ్మలు, కాస్త బిగిసే పెదవులు. అక్కకూ చెల్లికీ అవే రెండు మిగిలితే ఇద్దరి కోపమూ ఒకేలా ఉండక ఇంకెలా ఉంటుంది? వర్ణమాలలో ఐదే అక్షరాలు చేతిలో పెట్టి కావ్యం రాయమని, రాయలేకపోతే ఆ భాషే కష్టమని తేల్చినట్టుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక సినిమాలో నాకొక షాట్ ఇచ్చారు. లోతైన గోతిలో పడిపోయిన తమ్ముణ్ణి పదమూడేళ్ల అమ్మాయి తాడు వేసి పైకి లాగాలి. నేను బల్ల కాలికి తాడు కట్టి, ఎదురుగా అద్దం పెట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగుతూ నా ముఖం చూసుకున్నాను. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి ఎడమ పక్కకు వంకర తిరిగింది. గడ్డం మెడలోకి కుంగి దాని కింద ఇంకో గడ్డం తేలింది. చూడటానికి నవ్వొచ్చే ముఖమే గానీ బరువు లాగుతున్న ముఖం అది. దాన్ని ఉన్నదున్నట్టు ఆ అమ్మాయికి ఇచ్చాను. సమీక్షలో షాట్ నడుస్తున్నంతసేపూ అందరూ ఊపిరి బిగపట్టి చూశారు. తర్వాత ఒకాయన ఆపమన్నారు. రెండు ఫ్రేములు వెనక్కి పోనిచ్చి, ‘‘ఇదిగో, ఇక్కడ చూడండి, ఎంత వికారంగా ఉందో’’ అన్నారు. అంతకు ముందు వారమే అదే గదిలో అదే సినిమాలోని కథానాయకుడు కళ్లు బయటికి పొడుచుకొచ్చి, నాలుక వేలాడేసి బండి నెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ ఆపి చూడలేదు.

ఈ ‘ఆపి చూడటం’ గురించి కాస్త చెప్పాలి. ఇది బయటివాళ్లకు తెలియని విషయం. కదలికలోని ప్రాణం ఆపి చూడదగని ఫ్రేముల్లోనే ఉంటుంది. వేగంగా తల తిప్పేటప్పుడు ముఖం అరటిపండులా సాగుతుంది. దూకబోయే ముందు ఒళ్లంతా ముద్దగా నలుగుతుంది. తుమ్ముకు ముందు ముఖం ముఖంలాగే ఉండదు. అవి సెకనులో 24వ వంతు పాటు కనబడి మాయమవుతాయి. కంటికి విడిగా తెలియవు, బరువూ వేగమూ మాత్రం తెలుస్తాయి. ప్రతి ఫ్రేమునూ గోడకు తగిలించే ఫొటోలా ఉంచాలంటే అవన్నీ తీసెయ్యాలి. తీసేశాక మిగిలేది నీళ్లలో తేలుతున్నట్టు నెమ్మదిగా కదిలే బొమ్మ. కథానాయికలు ‘నాజూకుగా’ కదులుతారని మెచ్చుకుంటుంటారు చూడండి, అందులో చాలావరకు ఇలా కోసేయగా మిగిలిన కదలికే.

కష్టం కాబట్టి వదిలేశారన్న వాదనకు నా దగ్గరున్న గట్టి జవాబు జుట్టు. ‘బ్రేవ్’ (2012)లో కథానాయిక మెరిడా ఉంగరాల జుట్టు కోసం పిక్సార్ స్టూడియో దాదాపు 1,500 కురులను విడివిడిగా మలచి, వాటి నుంచి లక్షకు పైగా వెంట్రుకలు పుట్టించింది. అంత జుట్టు ఊగడానికి కొత్త సిమ్యులేషన్ (కదలికను కంప్యూటర్‌తో లెక్కగట్టే) ప్రోగ్రాము రాసుకుంది. ‘ఫ్రోజెన్’లో ఎల్సా జడలో 4 లక్షలకు పైగా పోగులున్నాయి. మంచు ఎలా ముద్దకట్టాలో, ఎలా పొడిపొడిగా రాలాలో లెక్కగట్టడానికి అదే సినిమాకు గణితం తెలిసినవాళ్లు పనిచేశారు. కష్టమంటే తోక ముడిచే రంగం కాదిది. జుట్టు కష్టం అందాన్ని పెంచుతుంది కాబట్టి దానికి డబ్బు దొరికింది. ముక్కు ముడత కష్టం అందాన్ని తగ్గిస్తుంది కాబట్టి దానికి దొరకలేదు.

ఇక అతిశయోక్తి సంగతి. మగ పాత్రలనూ సాగదీస్తారన్నది నిజమే. ఎటు సాగదీస్తారన్నది అసలు ప్రశ్న. ‘అప్’ (2009)లో కార్ల్ అనే ముసలాయన తల నుంచి కళ్లజోడు దాకా చతురస్రాల పోగు. మొండితనం, తనను తాను పెట్టెలో బిగించుకున్న బతుకు ఆ ఆకారంలోనే ఉన్నాయి. ‘రాటటూయీ’ (2007)లో ఆహార విమర్శకుడు ఆంటన్ ఈగో సన్నగా, నిలువుగా, శవంలా ఉంటాడు. ఆయన గది కూడా శవపేటిక ఆకారంలోనే కట్టారు. ఒకడు గుమ్మడికాయ, ఒకడు దోసకాయ, ఒకడు బీరువా. ఎవరి అతిశయోక్తి వారి స్వభావంలోంచి వచ్చింది. కథానాయికల అతిశయోక్తి మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతుంది: కళ్లు పెద్దవి, ముక్కు చిన్నది, గడ్డం కోసు, నడుము పిడికెడు. ఆమె పిరికిదైనా పెంకిదైనా, రాణి అయినా పనిమనిషి అయినా ఆ దిక్కు మారదు. మగ పాత్రకు ముఖం కథలోంచి పుడుతుంది. ఆమెకు ముఖం ముందే సిద్ధంగా ఉంటుంది, కథ వచ్చి దాని మీద కూర్చుంటుంది.

ఈ తేడాను కొలిచి చూపినవాళ్లూ ఉన్నారు. ‘ఫ్రోజెన్’లో ఆనా కన్ను ఆమె మణికట్టు కంటే వెడల్పుగా ఉందని సామాజిక శాస్త్రవేత్త ఫిలిప్ కోహెన్ 2013లోనే ఎత్తిచూపారు. ఆడ, మగ చేతులు పక్కపక్కన వచ్చే దృశ్యాలను కూడా ఆయన ముందుంచారు. నిజ జీవితంలో స్త్రీ పురుషుల సగటు ఎత్తుల మధ్య తేడా 10 శాతం లోపే. తెర మీది జంటల చేతులు చూస్తే రెండు వేర్వేరు జాతుల జీవుల చేతులేమో అనిపిస్తుంది. పెద్ద కళ్లు వాటంతట అవే తప్పని నేననను. నటనంతా కళ్లలోనే ఉంటుంది కాబట్టి మేం అందరికీ కళ్లు పెంచుతాం. అయితే కళ్లు పెంచినప్పుడల్లా మణికట్టు ఎందుకు తగ్గాలో ఇప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదు.

ఆడ పాత్రకు ఆకారంలో స్వేచ్ఛ ఎప్పుడు దొరుకుతుందో గమనించారా? ఆమె దుష్టురాలైనప్పుడు. లేదంటే ముసలిది, లేదంటే హాస్యానికి పెట్టినది. ‘ద లిటిల్ మెర్మెయిడ్’ (1989)లో ఉర్సులాకు ఎంత ఒళ్లు, ఎంత పెదవి, ఎంత విలాసం! అప్పుడు నుదురు ముడతపడవచ్చు, పళ్లు బయటపడవచ్చు, గడ్డం వేలాడవచ్చు. మా రంగంలో ఎవరినైనా అడగండి, రాకుమారి షాటు కావాలా మంత్రగత్తె షాటు కావాలా అని. ఒక్కరు కూడా రాకుమారి అనరు. మార్క్ డేవిస్ అనే మహానుభావుడు 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’లో రాకుమారి అరోరానూ, ఆమెను శపించే మలెఫిసెంట్‌నూ రెండింటినీ యానిమేట్ చేశారు. రెండేళ్ల తర్వాత ‘101 డాల్మేషియన్స్’లోని దుష్టురాలు క్రుయెల్లా డి విల్ కూడా ఆయన చేతి చలవే. ముగ్గురిలో ఎవరు జనం మనసులో నిలిచారో మీకు తెలుసు. చెయ్యి ఒకటే, నైపుణ్యం ఒకటే. మారినదల్లా ఆ చేతికిచ్చిన అనుమతి. చూసే పసివాళ్లకు మాత్రం ఇంకో లెక్క అర్థమవుతుంది: ముడతలున్నావిడ చెడ్డది.

జంతువుల దగ్గరికొస్తే ఈ వ్యవహారం వినోదమే. ఎలుకకూ చేపకూ కారుకూ రోబోకూ ఆడతనం ఎలా చూపాలి? రెప్పవెంట్రుకలు, ఒక రిబ్బను, కాస్త గులాబీ రంగు. మిన్నీ మౌస్ దాదాపుగా మిక్కీ శరీరమే. రెప్పవెంట్రుకలూ గౌనూ ఎత్తు మడమల జోళ్లూ చేరితే ఆమె అయింది. మగ మిక్కీకి మగ గుర్తంటూ ఏదీ అక్కర్లేదు. ఏ గుర్తూ లేని జీవి దానంతటదే మగ అన్నమాట. ప్రకృతిలో పనిచేసే చీమలన్నీ, తేనె తెచ్చే ఈగలన్నీ ఆడవే. ‘యాంట్జ్’ (1998)లో కథానాయకుడైన కూలి చీమ మగవాడు, ‘బీ మూవీ’ (2007)లో తేనె తేవడానికి వెళ్లే వీరులంతా మగవాళ్లు. వీటన్నిటినీ తలదన్నినది 2006లో వచ్చిన ‘బార్న్‌యార్డ్’. అందులో కథానాయకుడు మగ ఆవు! గొంతు మగది, పొదుగు మాత్రం నిండుగా ఉంటుంది. పొదుగున్న జంతువును కూడా మగగా ఊహించగలిగిన వాళ్లు, రెప్పవెంట్రుకలు లేని ఆడ ఎలుకను మాత్రం ఊహించలేకపోయారు.

మీ మిత్రుడికి న్యాయం చేయాలి కాబట్టి, నిజంగా సాంకేతికమైన ఇబ్బందులూ చెబుతాను. ఒక ముఖానికి అల్లిన మెష్‌నే (ఆకారాన్నిచ్చే వలలాంటి అల్లిక) సర్ది మరో పాత్రకు వాడుకుంటే నెలల పని తగ్గుతుంది. కథలో ఆడ పాత్రలు ఇద్దరో ముగ్గురో ఉంటే అందరికీ ఒకే మూలం సరిపెడతారు. గుంపు దృశ్యాల్లో ఇంకా కష్టం. పొడవు జుట్టుకూ కుచ్చిళ్ల గౌనుకూ సిమ్యులేషన్ కావాలి, అది కంప్యూటర్ల సమయాన్ని తినేస్తుంది. ప్యాంటూ పొట్టి జుట్టూ ఉన్న మగ బొమ్మను వందసార్లు అచ్చువేసి నిలబెట్టడం చవక. దాంతో నిర్మాణ బృందం గుంపులో ఆడవాళ్లను తగ్గించేస్తుంది. కుటుంబమంతా చూసే సినిమాల గుంపు దృశ్యాల్లో స్త్రీలు 17 శాతమే ఉన్నారని నటి జీనా డేవిస్ తన సంస్థ చేయించిన లెక్కల ఆధారంగా చెబుతుంటారు. నేను అలాంటి దృశ్యాలకు పనిచేశాను గనుక ఆ అంకె నన్ను ఆశ్చర్యపరచలేదు. ఇదంతా సాంకేతికమే, ఒప్పుకుంటాను. కాకపోతే ఆడవాళ్లందరికీ పొడవు జుట్టూ కుచ్చిళ్ల గౌనూ ఉండి తీరాలని ఏ కంప్యూటరూ అడగలేదు.

రూపం బల్ల దగ్గరే ఖరారవుతుందనుకోవడం కూడా అమాయకత్వమే. 1930లో పుట్టిన అమెరికన్ కార్టూన్ పాత్ర బెటీ బూప్ మొదట వేలాడే చెవులున్న కుక్కలాంటి బొమ్మ. 1932 నాటికి ఆ చెవులు లోలాకులయ్యాయి, ఆమె పొట్టి గౌను పిల్ల అయింది. 1934 నుంచి హాలీవుడ్‌లో సెన్సారు నియమావళి గట్టిగా అమలయ్యేసరికి గౌను మోకాళ్లు దాటింది. ఒక్క పాత్ర ఒంటి మీద కొలతలన్నీ బయటివాళ్లే తీసుకున్నారు. ఆమెకు రూపమిచ్చిన గ్రిమ్ నాట్విక్ తర్వాత ‘స్నో వైట్’ (1937)కూ పనిచేశారు. చిలిపి పిల్లా ఆయన చేతిలోదే, అమాయకపు రాకుమారీ ఆయన చేతిలోదే. మెరిడా కథ ఇంకా దగ్గరిది. పిక్సార్ 13వ సినిమాకు గానీ ఒక అమ్మాయి ప్రధాన పాత్ర కాలేదు. వచ్చినావిడ రేగిన జుట్టుతో, గుండ్రటి ముఖంతో, విల్లు పట్టుకుని వచ్చింది. 2013లో ఆమెను డిస్నీ రాకుమారుల వరుసలో చేర్చేటప్పుడు ప్రచారానికి వేసిన బొమ్మలో నడుము సన్నబడింది, మెడ కిందికి గౌను జారింది, ముఖానికి మెరుపులొచ్చాయి, విల్లు మాయమైంది. ఆ పాత్రను సృష్టించిన బ్రెండా చాప్మన్ బహిరంగంగా మండిపడ్డారు. మార్పు వద్దంటూ 2 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. సినిమాలో నిలబెట్టుకున్న ముఖం బొమ్మల పెట్టె మీదికి వచ్చేసరికి పాత అచ్చులోకి జారిపోగలదన్నమాట.

గీసేది మగవాళ్లు కాబట్టే ఇలా ఉందంటారు. చరిత్రలో దానికి ఆధారం లేకపోలేదు. 1938లో డిస్నీ స్టూడియో ఉద్యోగం అడిగిన ఒక యువతికి పంపిన జవాబు ఇప్పటికీ ప్రసిద్ధం: తెర మీదికి కార్టూన్లు సిద్ధం చేసే సృజనాత్మకమైన పని ఆడవాళ్లు చేయరని, అది పూర్తిగా యువకుల పని అని అందులో రాశారు. మగవాళ్లు గీసిన గీతలను సెల్యులాయిడ్ మీదికి ఎత్తడం, రంగులు నింపడం ఆడవాళ్ల వంతు. డిస్నీలో ఆ గోడ దాటి యానిమేటరుగా తెర మీద పేరు వేయించుకున్న తొలి మహిళ రెటా స్కాట్. 1942 నాటి ‘బాంబి’లో ఆమె గీసినవి వేటకుక్కలు. ఒక్కసారి ఆ దృశ్యం చూడండి. పళ్లు, చిగుళ్లు, ముడుచుకున్న మూతులు, గాలిలో వంకరపోయే ఒళ్లు. కుక్కల విషయంలో ఆమెకు దొరికిన స్వేచ్ఛ ఆ కాలంలో ఏ రాకుమారినీ గీసినవాళ్లకు దొరికి ఉండదు.

కానీ మగవాళ్లనే తప్పుబట్టి చేతులు దులుపుకోలేను, ఎందుకంటే నేనూ ఆడదాన్నే. నా చేతి అలవాటూ అదే. నేను గీసిన మొదటి కథానాయిక మోడల్ షీట్ (పాత్ర రూపం, కొలతలు చూపే కాగితం) ఇంకా నా దగ్గరుంది. ఆమె రైతు కూతురు, పగలంతా పొలంలో ఉంటుంది. అయినా మెడ నా వేలంత ఉంది, కాళ్లు ఒంట్లో మూడింట రెండు వంతులున్నాయి. అలా గీయమని నాకెవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి చూసిన బొమ్మలన్నీ చేతిలో దిగిపోయాయి. పెన్సిల్ వదిలేస్తే నీరు పల్లానికి పోయినట్టు ఆ వంపు దగ్గరికే పోయేది. ఇప్పటికీ అలసిపోయిన రోజున అటే పోతుంది.

‘ఫ్రోజెన్’ వచ్చిన 2013లోనే జపాన్ దర్శకుడు ఇసావో తకహాతా తీసిన ‘ద టేల్ ఆఫ్ ద ప్రిన్సెస్ కగుయా’ కూడా వచ్చింది. ఇదీ రాకుమారి కథే, ఆమె అందమే కథకు మూలం. విందులో తాగిన మగవాళ్లు తన గురించి వాగిన మాటలు విని ఆమె లేచి పరుగెత్తే ఘట్టం ఉంటుంది. అంతవరకు నీటిరంగుల్లో మెత్తగా ఉన్న గీత ఒక్కసారిగా మొరటు బొగ్గుగీత అవుతుంది. ఒంటి మీది వస్త్రాలు ఒక్కొక్కటే ఊడి వెనక పడతాయి. ముఖంలో కళ్లెక్కడో నోరెక్కడో తెలియదు, నల్లటి గీతల తుఫాను చంద్రుడి కింద పరుగెడుతుంటుంది. ఏ ఫ్రేము ఆపినా ‘వికారంగా’ ఉంటుంది. నేను చూసిన యానిమేషన్‌లో ఆడపిల్ల కోపాన్ని ఇంత సూటిగా చూపిన నిమిషం మరొకటి లేదు. అదే దేశంలో అందాల బొమ్మల అచ్చులు వేలకొద్దీ ఉన్నాయి, కాబట్టి ఇది దేశాల గొప్పతనమేమీ కాదు. ఒక దర్శకుడు షరతు తీసేశాడు, అంతే.

ఇంత తీవ్రంగా అక్కర్లేదు, చిన్న విషయమైనా చాలు. జపాన్‌కే చెందిన మియజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’ (2001)లో చిహిరో అనే పదేళ్ల పిల్ల బూట్లు తొడుక్కుని, మడమ సరిగా దిగడానికి ముని కాలితో నేలను టకటక తట్టి మరీ పరుగెత్తుతుంది. కథకు ఆ తట్టడంతో పనేమీ లేదు. ఆ రెండు తట్లతో ఆమె పదేళ్ల పిల్ల అయిపోతుంది. ఆమె మూతి ముడుచుకుని ఉంటుంది, కాళ్లు సన్నగా కర్రల్లా ఉంటాయి, బుగ్గలు వేలాడతాయి. ముద్దొస్తుందని ఎవరూ గీయలేదు. ఇటీవలి వాటిలో ‘టర్నింగ్ రెడ్’ (2022)లో మే అనే అమ్మాయి ముఖం సాగినన్ని సాగుళ్లు సాగుతుంది. పిక్సార్‌లో ఒక మహిళ, డోమీ షీ, ఒంటరిగా దర్శకత్వం వహించిన మొదటి చిత్రమది. 2025లో వచ్చిన ‘కె-పాప్ డెమన్ హంటర్స్’లో పాటగత్తెలు అందగత్తెలే, అయినా నోటినిండా కుక్కుకుంటారు, కళ్లు తేలేస్తారు, ముఖాలు అష్టవంకర్లు తిప్పుతారు. వెకిలి ముఖాలు పెట్టే అమ్మాయిలను చూపాలన్నదే తన ఉద్దేశమని దర్శకుల్లో ఒకరైన మ్యాగీ కాంగ్ చెప్పారు. అందమూ ఉంది, వంకరా ఉంది. రెండూ ఒకే రిగ్గులో పట్టాయి. 2013లో కష్టమన్నది ఇదే కదా.

మీరు ఇంకా నేర్చుకుంటున్నారు కాబట్టి నేను ఇప్పటికీ చేసే పని ఒకటి చెబుతాను. కండలు తిరిగిన అమ్మాయినో చేతిలో కత్తి ఉన్న అమ్మాయినో గీస్తే పని అయిపోయిందనుకోవద్దు. కత్తి పట్టిన పాత అచ్చునే ఇప్పుడు ఎక్కువ చూస్తున్నాం. మీ పాత్రల జుట్టూ బట్టలూ రంగులూ తీసేసి, గుండు తలలతో వరుసగా నిలబెట్టండి. మగవాళ్లను గుర్తుపట్టి ఆడవాళ్లను గుర్తుపట్టలేకపోతే ముఖాలు గీయలేదని, విగ్గులు గీశారని అర్థం. తర్వాత ఆమె హావభావాల పట్టికలో నవ్వు, కోపం, ఆశ్చర్యం, దుఃఖం మానేసి తుమ్ము, పులుపు, పంటినొప్పి, బరువు, అబద్ధం గీయండి. మొదటి నాలుగూ ఎవరి ముఖం మీదైనా ఒకేలా వస్తాయి. పంటినొప్పి దగ్గర మాత్రం మీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఇంత వికారం పెట్టవచ్చా అని. ఆ ఆగిన చోటు గుర్తుపెట్టుకోండి. మగ పాత్రకు గీసేటప్పుడు అక్కడ ఆగారో లేదో చూసుకోండి.

ఆ తాడు షాటు ఏమైందో చెప్పలేదు కదా. నాలుగుసార్లు సరిదిద్దాను. ముందు రెండో గడ్డం పోయింది, తర్వాత పెదవి వంకర పోయింది, తర్వాత మూసుకున్న కన్ను తెరుచుకుంది. చివరికి మిగిలిన ముఖం తాడు లాగుతున్నట్టు లేదు, ఎవరో పిలిస్తే తిరిగి చూస్తున్నట్టుంది. బరువు కనబడటం లేదని ఆపమన్న ఆయనే అన్నారు. బరువు తెస్తే అందం పోతుంది, అందం ఉంచితే బరువు పోతుంది. అందుకని కెమెరాను ఆమె వీపు వెనక్కి తిప్పించారు. సినిమాలో ఆ షాటు ఇప్పటికీ అలాగే ఉంది. జడ మాత్రం అద్భుతంగా ఊగుతుంది.